బండమ్మకు సబ్బు వాసన

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. కానీ అది జరిగిన రోజుకు నాకు అక్షరం ముక్క రాదు. నలభై ఎనిమిదో ఏట పలక పట్టాను. పలక మీద నుంచి కాగితం మీదకు రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఇప్పుడు రాయడం వచ్చింది, సిగ్గు పోయింది. కాబట్టి పోలీసుల భయం, అమ్మవారి భయం, అత్త భయం మూడూ ఒకేసారి నా నెత్తిన పడిన రోజు గురించి చెబుతాను. నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

మాది గుమ్మఘట్ట వైపు చిన్న ఊరు. పాతకాలం రాజులు కట్టించిన కోట ఉంది, చెరువు ఉంది, చెరువులో నీళ్లు మాత్రం లేవు. ఆ ఎండిన చెరువు కట్ట మీద ఒక బండ పడి ఉంటే, నేనే మా ఆయన ప్రాణం తీసి ఎద్దుల బండి మీద ఇంటికి తెప్పించాను. అది ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గీతలు గీతలుగా ఉండేది. గీతల వైపే పైకి పెట్టించాను. దాని మీద రుద్దితే ఎంత మొండి మురికైనా వదలాల్సిందే. పదేళ్లు మా ఇంటిల్లిపాది బట్టలు దాని మీదే ఉతికాను.

ఒకనాడు పొద్దున ఉతుకుతుంటే మా ఆయన పరుగున వచ్చాడు. పాత రాళ్ల మీద రాతలు చదివే సారు ఒకాయన ఊళ్లోకి వచ్చాడట, చెరువు కట్ట మీది రాయి ఏమైందని ఇల్లిల్లూ అడుగుతున్నాడట. నా చేతిలో చీర జారిపోయింది. అంతకు నెల ముందే కోటలో నిధి కోసం తవ్వినవాళ్లను పోలీసులు జీపెక్కించారు. ఏమీ దొరకనివాళ్లకే జీపు ఎక్కే యోగం ఉంటే, రాయి ఎత్తుకొచ్చి పదేళ్లు చావబాదినదాని గతి ఏమిటి? నాకు జైలు కళ్లకు కట్టింది. ఆ జైల్లో కూడా నేను బట్టలే ఉతుకుతున్నాను.

బండను దాచాలంటే నలుగురు మగవాళ్లు కావాలి. నాకు దొరికింది పసుపు డబ్బా. తడి బండ మీద డబ్బా మొత్తం కుమ్మరించి పూసి, కుంకుమ బొట్లు పెట్టి, చేతులు జోడించి నిలబడ్డాను. సారు, ఆయన వెనకే సగం ఊరు లోపలికి వచ్చారు.

"ఈ బండ యాడిదమ్మా?"

"బండ కాదు సార్. అమ్మవారు."

"ఏ అమ్మవారు?"

నోటికి ఏ పేరూ రాలేదు. "బండమ్మ," అన్నాను.

గడపలో కూర్చున్న మా అత్త లేచి నిలబడింది. "ఏమే, ఇన్నేండ్లూ అమ్మవారి మింద నా కోకలు ఉతికినావా?"

అంతలోనే బండ మీది పసుపు రంగు మారింది. ముందు అంచుల్లో, తర్వాత నడుమ, ఎర్రగా గీతల వెంబడి కారసాగింది. ఎవరో రక్తమన్నారు. అత్త ఉన్నచోటే కూలబడి దండం పెట్టింది. నా అబద్ధం వినడానికి అమ్మవారు నిజంగానే దిగివచ్చిందనుకుని బోర్లా పడ్డాను.

"తల్లీ, కట్ట మింద నుంచి ఎత్తకొచ్చింది నేనే. పోలీసోళ్లకైనా పట్టియ్యి, కోపం మాత్రం చేసుకోవద్దు."

అలా ఊరందరి ముందు, ఎవరూ అడగకుండానే నేరం ఒప్పుకున్నాను.

సారు వంగి, వేలితో తాకి, వాసన చూశాడు. "సబ్బు," అన్నాడు.

పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని బట్టలుతికే ఏ ఆడదానికైనా తెలుసు. నాకూ తెలుసు. ఆ ఒక్క గడియ తెలియలేదు.

నాలుగు బిందెల నీళ్లు పోయించి, గీతల మీద వేలు పెట్టుకుంటూ సారు చదివాడు. చదివి, తీగ మీద ఆరేసిన బట్టల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"పోలీసులు రారులేమ్మా. దీన్ని మళ్లా కట్ట మింద పెట్టించండి. ఇందులో ఏమి రాసినారంటే, 'ఈ చెరువు దగ్గర ఎవరూ బట్టలు ఉతకరాదు.'"

మా అత్త అంతగా నవ్వడం పెళ్లయినప్పటి నుంచి అదే మొదటిసారి చూడటం.

చదవనిదే ఏ రాయి మీదా చేతిగుడ్డ కూడా ఉతకనని బండమ్మ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. మరునాడు పొద్దున్నే పలక కొనుక్కుని, ఆడవాళ్లకు చదువు చెప్పే టీచరమ్మ ముందు కూర్చున్నాను. ఆమె 'అ' రాయబోయింది.

"అది నిదానంగా నేర్చుకుంటా మేడం," అన్నాను. "ముందు 'వద్దు' అనే మాట ఎట్లుంటాదో చూపించండి."