ఎదుటి పీట

పోయిన నెల తెనాలిలో రేపల్లె బస్సెక్కాను. కిటికీ పక్కనున్న పెద్దమనిషి దిగిపోతే ఆ సీట్లోకి జరిగాను. ఆయన ఒంటి వెచ్చదనం ఇంకా సీటు మీదే ఉంది. చన్నీళ్లు కుమ్మరించినట్టు ఒళ్లు జలదరించి లేచి నిలబడ్డాను. "ఏంటి మామ్మగారూ, అలా లేచారు? కూర్చోండి," అన్నాడు కండక్టరు. ఏం చెప్పను నా మొహం! మనిషి లేచిపోయిన చోట వెచ్చగా ఉండటం లోకసహజం. మనిషే కూర్చోని చోట వెచ్చదనం తగిలిన చెయ్యి నాది. రేపల్లె దాకా నిలబడే వెళ్లాను. దారి పొడుగునా మా ప్లీడరుగారే గుర్తొచ్చారు.

శేషయ్యగారు తెనాలిలో ప్లీడరు. కౌలురైతుల కేసులూ, కూలీల కేసులూ తప్ప వేరే పట్టేవారు కాదు. భార్య పోయింది, పిల్లలు లేరు, మనిషికి తోడుగా ఉన్నది ఉబ్బసం ఒక్కటే. అరవైల చివర్లో ఆయన దగ్గర టైపిస్టుగా చేరాను. మా నాన్న దేవుణ్ణి నమ్మని మనిషి. మా ఇంట్లో దీపం వెలిగేది కరెంటు పోతేనే. ఎర్రజెండా పార్టీ ప్లీడరు కదా, ఇక్కడ ముక్కు మూసుకునే తంతులేవీ ఉండవని సంబరంగా వెళ్లాను. వెళ్లిన మొదటిరోజే చూద్దును కదా, ఆఫీసు గదిలో పీట మీద బాసింపట్టు వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఎదురుగా ఇంకో పీట ఉంది, దాని మీద ఎవరూ లేరు. ఆయన లేచాక పీటలు రెండూ తీసి గోడకు ఆనించడం నా పనుల్లో ఒకటి.

పార్టీ కుర్రాళ్లు ఆయన్ని ఊరికే వదిలేవారు కాదు. ఒకతను మొహం మీదే అడిగాడు. "ధ్యానం చేసేవాడు విప్లవం ఏం చేస్తాడండీ?" ప్లీడరుగారికి కోపం రాలేదు. "నేను దేవుణ్ణి పిలవడం లేదయ్యా. ఎవరి మీద ఒళ్లు మండుతోందో వాణ్ణి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంటున్నాను. మొహం నిదానంగా కనబడేదాకా లేవను. ఆ తర్వాత కోర్టుకెళ్లి వాడి మీదే వాదిస్తాను," అన్నారు. "వాదన మెత్తబడదూ?" అన్నాడు అతను. "ఇంతవరకూ మెత్తబడలేదు. కాకపోతే అబద్ధం ఆడలేకపోతున్నాను," అన్నారాయన. నేను టైపు మిషను వెనక మొహం దాచుకుని నవ్వుకున్నాను. ముసలాయనకు చాదస్తం అనుకున్నాను.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఓ చలికాలం పొద్దున పీటలు తీస్తుంటే ఎదుటి పీట వెచ్చగా తగిలింది. ఆ గదికి ఎండ రాదు. దగ్గర్లో పొయ్యి లేదు. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాను. ప్లీడరుగారు చూశారు. "వెచ్చగా ఉందా?" అన్నారు, వానొచ్చేలా ఉందా అన్నంత మామూలుగా. "ఉందండి," అన్నాను. "మంచిదే. ఎప్పుడైనా చల్లగా ఉంటే చెప్పమ్మాయ్." ఆ రోజు టైపు చేసిన కాగితాల నిండా తప్పులే.

తర్వాత ఆయనే నిదానంగా చెప్పారు. రేపల్లె దగ్గర పొలాలున్న కుటుంబం వాళ్లది. అన్నదమ్ములిద్దరు. ఎంత తన్నుకున్నా సరే, పొద్దున్నే కాఫీకి ముందు ఎదురెదురు పీటల మీద కళ్లు మూసుకుని కూర్చోవాలని వాళ్ల నాన్న పెట్టిన నియమం. పెద్దయ్యాక అన్న అధికార పార్టీలో చేరాడు, తమ్ముడు ఎర్రజెండా పట్టాడు. అన్న కౌలుదార్లను వెళ్లగొడితే వాళ్ల తరఫున కోర్టుకెక్కింది తమ్ముడే. దాంతో మాటలు పోయాయి, రాకపోకలు పోయాయి. పీటలు మాత్రం పోలేదు. "రోజుకొకణ్ణి పిలుస్తాను కానీ మొదట వచ్చేది అన్నయ్యే. అక్కడ వాడూ వేస్తాడు నాకో పీట," అన్నారు. "మీకెలా తెలుసండీ?" అంటే, "నీ చేత్తో నువ్వే చూశావుగా," అన్నారు.

ఎమర్జెన్సీ వచ్చింది. ఆయనతో తిరిగినవాళ్లను ఒక్కొక్కరినే తీసుకుపోతున్నారు. జైలు చెమ్మకు ఆ ఊపిరితిత్తులు ఆగవని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆయన దొరికితే పోయినట్టే, ఆ సంగతి మా అందరికీ తెలుసు. బాపట్లలో మా పిన్ని పంతులమ్మ, ఒంటరి మనిషి. ఆయన్ని వాళ్లింట్లో పెట్టాం. ఉబ్బసానికి సూర్యలంక సముద్రపు గాలి మంచిదని వచ్చిన మేనమామ అని పిన్ని ఇరుగుపొరుగుకి చెప్పింది. నేనూ అక్కడే ఉండిపోయాను. అక్కడా రెండు పీటలు వేయక తప్పలేదు.

వారం తిరక్కుండా ఆయన నన్ను పిలిచి, "రేపల్లె వెళ్లి నేనిక్కడున్నానని అన్నయ్యకు చెప్పిరా," అన్నారు. నాకు తిక్క రేగింది. "కొరివితో తల గోక్కుంటారాండీ? ఆయన వాళ్ల పార్టీ మనిషి!" అని అరిచాను. ఆయన అమాయకంగా చూశారు. "నేనెక్కడున్నానో తెలియకపోతే పొద్దున్నే ఎక్కడికొస్తాడమ్మాయ్? నాలుగు రోజులుగా తడుముకుంటూ వస్తున్నాడు." ఏ బుద్ధున్నవాడైనా చేస్తాడా ఈ పని? కానీ ఆ ఇద్దరి మధ్య లెక్కలు వేరు. ఆయన ఒక్కసారి అడిగితే కాదనగలిగిన మనిషిని కాను నేను. వెళ్లాను.

అన్నగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. అచ్చం ప్లీడరుగారి మొహమే, కాస్త కండ పట్టింది. చెప్పాల్సింది చెప్పాను. "ఊపిరి ఎలా ఉంది వాడికి?" అన్నారు. "రాత్రిళ్లు కష్టంగా ఉందండి." ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "పొద్దున్నే ఏ దిక్కుకు కూర్చుంటున్నాడు?" అని అడిగారు. ఇరుకు గది, తలుపు అటే ఉంది. "పడమటికండి," అన్నాను. ఆయన నిట్టూర్చారు. "అదీ సంగతి. బాపట్ల నుంచి చూస్తే రేపల్లె తూర్పున కదా. ఈ నాలుగు రోజులూ నాకు వాడి వీపే కనబడుతోంది." ఆయన వెనక తెరిచిన తలుపులోంచి గదిలో ఎదురెదురుగా రెండు పీటలు కనిపించాయి. మజ్జిగ తాగమంటున్నా ఆగకుండా స్టేషనుకొచ్చిపడ్డాను. సంగతి చెబితే ప్లీడరుగారు పీటను తూర్పుకి తిప్పుకుని, చిన్నపిల్లాడిలా సంతోషపడ్డారు.

తర్వాత రోజుల్లో ఎదుటి పీట బాగా కాగేది. పిన్ని కూడా చెయ్యి పెట్టి చూసి, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆయన ఊపిరి కొంచెం తేలికపడింది. ఇక గండం గడిచిందనే అనుకున్నాను.

ఓ పొద్దున పీట తీయబోతే రాయిలా చల్లగా ఉంది. నా మొహం చూసే ఆయనకు అర్థమైంది. "రాలేదు," అన్నారు. "ఒంట్లో బాగాలేదేమోనండి," అన్నాను. "టైఫాయిడ్‌లోనూ కూర్చున్నాడు. నాన్న శవం వసారాలో ఉండగా ఇద్దరం కూర్చున్నాం. నా మొహం చూడలేని పని ఏదో చేశాడమ్మాయ్." పిన్ని గబగబా సంచీ సర్దింది. సూర్యలంకలో పడవలవాళ్లు తెలుసు, నిజాంపట్నం చేరితే ఆ తర్వాత చూసుకోవచ్చంది. ఆయన కదల్లేదు. "వాళ్లొచ్చేసరికి నేను లేకపోతే నిన్ను తీసుకెళ్తారు పంతులమ్మా," అన్నారు. నేను ఏడ్చాను, తిట్టాను, తడిగుడ్డతో గొంతు కోశాడు మీ అన్న అన్నాను. ఆయన శుభ్రంగా గడ్డం గీసుకుని, కాఫీ తాగి, మళ్లీ వచ్చి పీట మీద కూర్చున్నారు. అప్పటిదాకా ఆయన ఒకే రోజు రెండోసారి కూర్చోగా నేను చూడలేదు. జీపు వాకిట్లో ఆగేదాకా అలాగే ఉన్నారు. నేను మందుసీసా ఆయన జేబులో పెడుతుంటే, "వాడి మీద పళ్లు నూరకు. రేపు నీకే కూర్చోవడం కష్టమవుతుంది," అన్నారు. నేనెందుకు కూర్చుంటానని అప్పుడు నాకు తోచలేదు.

జైల్లో ఒక్క వానాకాలం కూడా గడవలేదు. ఆయన్ని తెనాలి తెచ్చి దహనం చేశాం.

దినాలయ్యాక అన్నగారు వచ్చారు. గుమ్మం దాటలేదు, నేను రమ్మననూ లేదు. "ఆ రోజు వాడు కూర్చున్నాడా?" అన్నారు. "రెండుసార్లు కూర్చున్నారు," అన్నాను కసిగా. ఆయన గుమ్మం పట్టుకున్నారు. "మా పార్టీవాళ్లు పిలిచి అడిగారమ్మాయ్. జైలయితే రెండ్రోజుల్లో నేనే విడిపించుకోవచ్చు, బయట ఇంకేమైనా చేస్తారేమోనని భయపడ్డాను. నమ్ముతావా?" నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మాలో వద్దో తెలియదు. "ఇప్పుడు మీ ఎదుటి పీట మీద ఎవరొస్తున్నారు?" అని అడిగాను, గుచ్చుకోవాలనే. "వాడే," అన్నారు. "రోజూ వస్తాడు. ఇదివరకు కళ్లు మూసుకునేవాడు." తమ్ముడి పీట ఒక్కటి ఇమ్మని ప్రాధేయపడ్డారు. ఇవ్వనన్నాను. ఆయన ఎండలో స్టేషను వైపు నడుచుకుంటూ పోయారు. తర్వాత కొన్నేళ్లకే ఆయనా పోయారని విన్నాను.

నేను మా నాన్న కూతుర్నే. గుడికి వెళ్లను, ఓటు ఎర్రజెండా పార్టీకే వేస్తాను, ఊరేగింపు వస్తే ఈ వయసులోనూ గుమ్మంలో నిలబడి పిడికిలెత్తుతాను. కానీ పొద్దున్నే కాఫీకి ముందు రెండు పీటలు వేసుకుంటాను. ఎదురుగా ప్లీడరుగారిని కూర్చోబెట్టుకోవాలని మొదట్లో చాలా ప్రయత్నించాను. ఆయన రారు. వచ్చేది అన్నగారే. తల వంచుకుని కూర్చుంటారు. నా కడుపులో మంట చల్లారేదాకా లేవకూడదన్నది నియమం. అది చల్లారదు, నేను ఓడిపోయి లేస్తాను. ఇన్నేళ్లుగా ఇదే తంతు. ఆయన్ని నేను ఒక్క మాటా అనలేదు, అడగలేదు. నిన్న పొద్దున మాత్రం, ఏ బుద్ధి పుట్టిందో, "కాఫీ తాగారాండీ?" అని నోరు జారాను. ఆయన మొదటిసారి తలెత్తి నన్ను చూసి, లేదన్నట్టు అడ్డంగా ఊపారు.