సుగుణక్కతో నడిచిన వీధులు

పక్కింటివాళ్లు గులాబీ మొక్కలకు పురుగుమందు కొడుతున్నారు. కుళ్లిన వెల్లుల్లిలాంటి ఆ ఘాటు కిటికీలోంచి వస్తే చాలు, చేతిలో పని వదిలేసి తలుపులన్నీ మూసేస్తాను. మా పిల్లలు నవ్వుతారు. వాళ్లకది మొక్కల మందు వాసన. నాకు అనంతపురంలో నేను మొదట నర్సుగా చేరిన మగవాళ్ల వార్డు వాసన. ఆ వెనకే, ఆ వార్డును నడిపిన హెడ్‌నర్సు సుగుణక్క గుర్తొస్తుంది.

తొంభైల చివరి మాట. వానలు మొహం చాటేసి వేరుశనగ నిలువునా ఎండిపోయిన ఏడాది. పురుగుమందు తాగిన రైతులను పల్లెల నుంచి జీపుల్లో, ఆటోల్లో మోసుకొచ్చేవారు. నాకు ఇరవై రెండేళ్లు. చేరిన మొదటి వారంలోనే ఇద్దరు నా చేతుల్లో పోయారు. ఆ సాయంత్రం డ్యూటీ దిగి, హాస్టలుకు పోబుద్ధి కాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంటే సుగుణక్క వచ్చి ఎదురుగా నిలబడింది. పామిడి ఊరి మనిషి, యాభై దాటింది. మాటలో మెత్తదనం ఉండేది కాదు.

"లెయ్. యాడికి పోదామో చెప్పు," అంది.

"యాడికక్కా?"

"ఊర్లోకి. నడిచి, ఏదన్నా తీపి తిని వద్దాం. పేట మాత్రం నువ్వే చెప్పల్ల. వార్డులో మన చేతిలో ఏమీ ఉండదు. ఇదన్నా ఉండనీ."

అట్లా మొదలైంది. ఒకరోజు కోర్టు రోడ్డులో నడిచి కోవా తినేవాళ్లం, ఒకరోజు పాతూరు సందుల్లో వేడి ఓళిగలు, అంటే బొబ్బట్లు. ఇంకోరోజు రాంనగర్‌లో కొత్తగా కట్టే ఇళ్లు చూస్తూ ఐస్‌క్రీమ్. విత్తనాలు, పురుగుమందులు అమ్మే కొట్లున్న వీధి పేరెత్తితే మాత్రం తల అడ్డంగా ఊపేది. తీపి తింటే బాధ పోతుందా అని ఒకసారి అడిగాను. "పోదు. రేపు మళ్లా వార్డులోకి రావల్ల గదా, అందుకు," అంది.

ఆ ఏడాదే కంబదూరు వైపు నుంచి తిప్పేస్వామి అనే రైతును తెచ్చారు. భార్య లింగమ్మ రెండు రోజులు మంచం పక్కనే నేల మీద కూర్చుంది. ఎవరేం పెట్టినా ముట్టలేదు. మూడోరోజు అతను కళ్లు తెరిచి ఆమెను పేరుపెట్టి పిలిచాడు, మళ్లీ నిద్రపోయాడు. మా డ్యూటీ ముగిసింది. సుగుణక్క లింగమ్మ దగ్గరికి పోయి, "నిద్రపోతాండాడు. ఈడ డ్యూటీ సిస్టరు చూసుకుంటాది. గంటలో వచ్చేద్దాం, రా. యాడికి పోదామో నువ్వే చెప్పు," అంది.

లింగమ్మ కాసేపు భర్త ముఖం చూసింది. తర్వాత కొంగు సర్దుకుని లేచింది. "పేటలు నాకేం తెల్సు సిస్టరమ్మా. లైట్లు బాగా ఉండే తావుకు పోదాం."

టవర్‌క్లాక్ వైపు తీసుకెళ్లాం. దీపాలు అప్పుడే వెలిగాయి. బండి దగ్గర నిలబడి లింగమ్మ జిలేబి తింది, పాకం మోచేతి దాకా కారితే చిన్నగా నవ్వింది. భర్తకు రెండు పొట్లం కట్టించుకుంది. అతను ఇప్పుడే తినకూడదని నేను చెప్పబోతే సుగుణక్క కళ్లతోనే వద్దంది.

మేము తిరిగొచ్చేసరికి తిప్పేస్వామి లేడు. ఆ మందు అంతే. మనిషి తేరుకున్నట్టే ఉండి, ఉన్నట్టుండి ఊపిరి అందకుండా పోతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. డాక్టరు, నర్సు చేయగలిగిందంతా చేశారు. ఊరి నుంచి అప్పుడే వచ్చిన అతని అన్న, లింగమ్మ చేతిలోని పొట్లం చూశాడు.

"నా తమ్ముడు సస్తాంటే మిఠాయి తినేదానికి పోయినావా?"

లింగమ్మ పొట్లాన్ని కొంగు కింద దాచుకుంది. సుగుణక్క ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది. "ఆ యమ్మ రానంటే రాననింది. నేనే చెయ్యి పట్టి ఈడ్చుకపోయినా. అనేదుంటే నన్నను."

అతను నా వైపు తిరిగాడు. "నువ్వూ పోయినావా?"

"లేదు," అన్నాను.

సుగుణక్క నా వైపు చూడలేదు. తర్వాత అతను ఫిర్యాదు చేస్తే జరిగిన విచారణలోనూ నా పేరు చెప్పలేదు. నెల తిరక్కుండా ఆమెను కళ్యాణదుర్గం బదిలీ చేశారు. లింగమ్మను అత్తగారింట్లో ఎట్లా చూశారో నాకు ఇప్పటికీ తెలియదు.

బస్టాండుకు సాగనంపడానికి వెళ్లాను. "మనం చేసింది తప్పా అక్కా?" అని అడిగాను. 'మనం' అనడానికి నాలుక తడబడింది.

సంచి సర్దుకుంటూ చెప్పింది. "తెలీదు పాపా. వాడు పోయేటప్పుడు పెండ్లాం పక్కన లేకుండా చేసింది నేనే. రెండు దినాలు పస్తున్నదానికి ఇంత తినిపించిందీ నేనే. రెండూ నావే."

నా అబద్ధం మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. బస్సు కదిలింది. ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆమె పోయిందన్న కబురు కూడా ఆలస్యంగానే తెలిసింది.

ఇప్పుడు వేరే ఊళ్లో నేనే హెడ్‌నర్సుని. రోజుల తరబడి రోగి పక్కనే కూర్చుండిపోయిన ఆడవాళ్లను చూస్తే, కాస్త గాలికి తిరిగి ఏదైనా తిని రమ్మని బయటికి పంపిస్తాను. పంపేముందు బంధువులందరినీ మంచం దగ్గరికి పిలుస్తాను. "ఈమెను నేనే పంపిస్తున్నాను. ఏం జరిగినా నన్నడగండి," అని అందరికీ వినపడేలా చెబుతాను.