పంపు మూతికి యాభై కిలోలు

సోమయాజులు గారికి ఒకటే పిచ్చి. ఎక్కడ గొట్టం కనబడినా, దాని బరువు ఎవరు మోస్తున్నారని ఆరా తీసేవారు. ఆయన యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పేవారు. నేను ఆయన జూనియర్ని. తార్నాకలో పక్క వాటాలోనే అద్దెకుండేవాణ్ణి. అందుచేత ఆ పిచ్చి నాకు ఇంటి దగ్గరా, కాలేజీలోనూ రెండు పూటలా దర్శనమిచ్చేది.

"గొట్టం బరువు కింద దిమ్మ మొయ్యాలండీ, యంత్రం మూతి కాదు. మూతి ఉన్నంత మాత్రాన అది చెప్పుకోగలదా? ఎంత ఓర్చుకుంటుందో మనమే తేల్చాలి" అనేవారు.

తార్నాక చౌరస్తాలో సత్తయ్య హోటలుకు వెళితే చాయ్ చల్లారిపోయేది. చాయ్ కాగే సమోవర్ నల్లా మీద ఆరేసిన తడిగుడ్డని తీసి, మేకుకు తగిలించి వస్తేగాని ఆయన కూర్చునేవారు కాదు.

"సార్, మీరు చాయ్ తాగుండ్రి. నల్లాను జర ఇడిసిపెట్టుండ్రి" అని సత్తయ్య చేతులు జోడించేవాడు.

ఇంట్లో ఒకసారి కుళాయికి నిండు బకెట్ తగిలించి ఉండటం చూసి కేకలేశారు. "నా చేతికి తగిలించుకుంటే మాత్రం మీకేం పట్టదు!" అన్నారు వాళ్లావిడ సుబ్బలక్ష్మి గారు. ఆయన ఆలోచనలో పడ్డారు. మర్నాటినుంచి ఆ ఇంట్లో నీళ్లు ఆయనే మోశారు.

1967 వేసవిలో ఈ పిచ్చి ముదిరింది. ల్యాబులో ఓ పాత పంపుని దిమ్మకు బిగించి, గొట్టం తగిలించే దాని మూతికి బరువులు వేలాడదీయడం మొదలుపెట్టారు. ఇరుసు వెంట్రుకవాసి కదిలినా చూపే ముల్లొకటి పక్కన పెట్టారు. ఐదైదు కిలోల చొప్పున ఎత్తి తగిలించే పని నాది. ఒక్కోసారి పైనుంచి, ఒక్కోసారి పక్కనుంచి. కుర్రాళ్లు కిటికీలో చేరి, "సార్, పంపుకి కసరత్తా?" అనేవారు. నా నడుం ఎంత ఓర్చుకుంటుందో మాత్రం ఎవరూ తేల్చలేదు.

నెలరోజులకి ఆయన ఎగిరి గంతేశారు. "యాభై! అంతకు మించితే ఇరుసు పక్కకి పోతోందండీ!"

ఆ వారమే వీరస్వామి మీద విచారణ పెట్టారు. వీరస్వామి హాస్టళ్లకు నీళ్లెక్కించే పంపు నడిపేవాడు. ఆర్నెల్లలో మూడుసార్లు దాని బేరింగులు కాలిపోయాయి. నూనె వెయ్యకుండా నిద్రపోతున్నాడని అభియోగం. ఉద్యోగం పోయినట్టే.

"రెండు పూటల నూనె ఏస్తున్న సార్. నా బిడ్డల మీద ఒట్టు" అని కమిటీ ముందు మొరపెట్టుకుంటున్నాడు వీరస్వామి. సరిగ్గా అప్పుడు సోమయాజులు గారు భుజాన గొలుసూ, చేతిలో స్ప్రింగు త్రాసుతో లోపలికొచ్చారు. వెనక నేను.

"మిమ్మల్నెవరు రమ్మన్నారు?" అన్నారు విచారణాధికారి.

"పంపండీ."

"ఎవర్ని పంపమంటారు?"

"పంపడం కాదండీ, నీళ్ల పంపు. ఒక్కసారి దాని దగ్గరికి రండి."

విసుక్కుంటూనే అందరూ కదిలారు. పంపుహౌస్‌లో సోమయాజులు గారు గొట్టాన్ని పంపు మూతికి కలిపే బోల్టులు విప్పించారు. చివరి బోల్టు ఊడగానే గొట్టం ధనామని రెండంగుళాలు పక్కకి దూకింది. అధికారి అంతకన్నా దూరం దూకారు. గొలుసు కట్టి మళ్లీ మూతి దగ్గరికి లాగితే త్రాసు ముల్లు మూడు వందల కిలోల మీద నిలబడింది.

"గొట్టం పొసక్కపోతే గడ్డపారతో లాగి బిగించేశారండీ. ల్యాబులో నేను తూచిందీ ఈ రకం పంపే. యాభై మోసేదాని మీద మూడొందలు! ఇరుసు వంకర పోదూ? వీరస్వామి నూనె కాదు, నెయ్యి పోసినా ఆ బేరింగు నిలవదు."

"అయితే బిగించినవాడిదే తప్పు. ఎవడు వాడు?"

వెనక నిలబడ్డ ఫిట్టరు మల్లన్న మొహం పాలిపోయింది.

"ఇంతకు మించకూడదని అతనికెవరు చెప్పారండీ? మొన్నటిదాకా నాకే తెలీదు. ఇప్పుడు రాసిస్తాను, చాలు" అన్నారు సోమయాజులు గారు.

మల్లన్న గొట్టాన్ని కోసి సరిచేసి, కింద రెండు దిమ్మలు కట్టాడు. పంపు పిల్లిలా గుర్రుమంటూ తిరిగింది. వీరస్వామి ఉద్యోగం నిలిచింది.

తిరిగొస్తూ అడిగాను. "ఈ నెల్రోజుల అవస్థా వీరస్వామి కోసమేనా?"

ఆయన తప్పు చేసి దొరికినట్టు మొహం పెట్టారు. "నెల కిందట, నోటీసు అందిన రోజు, పంపుహౌస్ గుమ్మంలో ఏడుస్తూ కనబడ్డాడండీ. నేను జాలిపడితే కమిటీ వింటుందా? అంకె ఉండాలి."

ఆ దసరాకి పొద్దున్నే వీరస్వామి, తన భార్య లచ్చవ్వతో కలిసి తార్నాక వచ్చాడు. చేతిలో బంతిపూల దండ.

"సార్, ఆయుధపూజకు తెచ్చిన. కోమటి దుకాణంల తూపిచ్చిన, పావు కిలో ఉన్నది. పంపు మూతికి ఎయ్యొచ్చునా?"

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. కళ్లు మూసుకుని కాసేపు లెక్క చూశారు.

"వెయ్యవయ్యా. నీళ్లు మాత్రం చల్లకు, బరువెక్కుతుంది."