గుంతలోకి దించిన కోడి

దామోదర్ గుంతలోకి దిగుతానంటే ఎల్లం ఎందుకు ఆపాడు? యాభై ఏళ్లు దాటింది, నాకింకా జవాబు దొరకలేదు.

మెదక్‌లో ఒక దొర గడీ. దాని వంటింటి వెనక ఎల్లం పని. గిన్నెలు కడిగిన నీళ్లు, వాటితో కొట్టుకొచ్చే నెయ్యి, మాంసపు కొవ్వు మూత వేసిన గుంతలోకి పోయేవి. అందులో పుట్టిన గాలి గొట్టం గుండా వచ్చి పొయ్యిలో నీలంగా మండేది. గాలి సోకని చోట బతికే సూక్ష్మజీవులు కొవ్వును విరిచి మీథేన్ చేస్తాయని తర్వాతెప్పుడో పుస్తకాల్లో చదివాను. ఎల్లం మాత్రం, "గుంతకు గూడ కడుపుంటది పంతులూ, ఒక్కపారే తినిపిస్తే పులుస్తది" అనేవాడు. రోజూ కొబ్బరిచిప్పతో కొలిచి పోసేవాడు. శుభ్రం చేయాలంటే నీళ్లు తోడి, మూత తీసి రెండు రోజులు వదిలేసి, గంపలో కోడిని దించేవాడు. కోడి బతికి పైకొస్తేనే మనిషి దిగాలి.

నేను గడీ పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి. దొర తరఫున గడీ పెత్తనమంతా దామోదర్‌ది. పందొమ్మిది వందల నలభై ఎనిమిది వేసవిలో, నిజాం తరఫున ఊళ్లమీద పడుతున్న రజాకార్లకు గడీలో విందు కుదిరింది. అప్పుడు ఎల్లం ఊళ్లో లేడు, పని మీద టేక్మాల్ వెళ్లాడు. మంట పెద్దగా రావాలని దామోదర్ డబ్బాల కొద్దీ కొవ్వు ఒకేసారి పోయించాడు. నాలుగు రోజులకు గుంత పులిసి, కొవ్వు గడ్డకట్టి, మంట ఆరిపోయింది. దామోదర్ ఎల్లం తమ్ముడు బక్కయ్యను పిలిపించి, నీళ్లు తోడిన వెంటనే దిగమన్నాడు.

"కోడిని దించి సూద్దాం సాబ్" అన్నాడు బక్కయ్య.

"కోడి విందుకు గావాలె. నువ్వు దిగురా!" అని దామోదర్ నవ్వాడు.

బక్కయ్య మళ్లీ పైకి రాలేదు.

ఎల్లం వచ్చి అడిగితే, "తాగి పడ్డడు" అన్నాడు దామోదర్. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. గిన్నెలు తోముతూ అంతా చూసిన బక్కయ్య భార్య ఆగమ్మ మాత్రం అరిచి చెప్పింది. ఆమె మాట ఎవరు విన్నారు?

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు పారిపోయారు. జనం కట్టెలతో గడీ వాకిట్లోకి వచ్చారు. బక్కయ్య పోయినప్పటి నుంచి నీళ్లు లేకుండా మూతేసి ఉన్న గుంత దగ్గరికి దామోదర్ పరుగెత్తాడు.

"అరే ఎల్లం, మూత తియ్యి! జరసేపు దాక్కుంట."

ఎల్లం మూత తీశాడు. దామోదర్ కాలు పెట్టబోతే ఛాతీ మీద చెయ్యి వేసి ఆపాడు. గంపలో కోడిని కట్టి దించాడు. రెక్కల చప్పుడు కొద్దిసేపే. పైకి లాగితే మెడ వాలిపోయి ఉంది.

"సూసినవా సాబ్? మా తమ్ముడు తాగిండా?"

దామోదర్ గుంత అంచు నుంచి వెనక్కి జరిగాడు. "లేదు... నేనే దింపిన."

"నాకు గాదు. గాళ్లకు చెప్పు."

కాలరు పట్టి వాకిట్లోకి ఈడ్చుకెళ్లాడు. దామోదర్ అందరి ముందూ చెప్పాడు. ఆగమ్మ అతని ముఖాన ఉమ్మింది. అయినా ఆమె కోపం చల్లారలేదు.

"ఎందుకు ఆపినవ్ బావా? దిగనిస్తే పోతుండె."

"గుంతల సస్తే గాలి సంపిందంటరు. గీడు బతకాలె. కనబడ్డోనికల్ల చెప్పుకుంట బతకాలె."

కానీ గుంత దగ్గర ఎల్లం చెయ్యి ఆలోచించే వ్యవధి లేకుండానే అడ్డం వచ్చింది, ఎవరు దిగబోయినా అలాగే ఆపేవాడన్నట్టు. అందుకే నాకు అనుమానం.

సైనికులు దామోదర్‌ను ట్రక్కులో తీసుకుపోయారు. ఎల్లం గొంగడి భుజాన వేసుకుని ఆగమ్మతో బయల్దేరాడు. గేటు దగ్గర నేనే అడ్డం వెళ్లాను.

"ఎల్లం, ఆ దినం నేను గూడ సూసిన."

ఆగాడు. గొంగడి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. నా ముఖం వంక చూడకుండా తూప్రాన్ బాట పట్టాడు.