సులువైన తెలుగులో చట్టం

నల్లకోటు విప్పేసి లైబ్రేరియన్‌గా చేరడానికి, కోర్టులో అరిచే గొంతు నాకు లేకపోవడం ఒక కారణం. చట్టాన్ని మామూలు మనుషులకు అర్థమయ్యేలా రాయగలనన్న పొగరు ఇంకో కారణం. పంజాగుట్టలో ఒక ట్రస్టు వాళ్ల చిన్న న్యాయ గ్రంథాలయం నా చేతికొచ్చింది. ఎవరైనా రావచ్చు. సమన్లు వస్తే ఏం చేయాలి, ఇల్లు ఖాళీ చేయమంటే ఏం చేయాలి... ఒక్కో సంగతికీ ఒక్కో పేజీ, సులువైన తెలుగులో నేనే రాసి జిరాక్స్ తీయించి పెట్టేదాన్ని.

ఉండేది అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో. నలభై ఆరేళ్ల వయసులో, సాఫ్ట్‌వేర్ కోర్సులకొచ్చే పిల్లల మధ్య. మూడు నెలలకోసారి పక్క మంచం మీద మనిషి మారిపోతుంది. కొత్తమ్మాయి "ఆంటీ, చార్జర్ ఉందా?" అంటుంది. కొన్ని ఆదివారాలు నాతో ఎవరైనా మాట్లాడారంటే అదొక్క మాటే. అందుకని లైబ్రరీకి ఎవరొచ్చినా నాకు పండగే.

ఒక మధ్యాహ్నం ఎర్రమంజిల్ వైపు ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ వచ్చింది. ఆమె ఉంటున్న గది ఖాళీ చేయాలని కోర్టు తీర్పిచ్చేసింది. కేసు పడిన సంగతే తనకు తెలియదట, సమన్లు అందలేదట. తీర్పు గురించి తెలిసి వారమైంది. అలాంటప్పుడు, తెలిసిన నాటి నుంచి ముప్పై రోజుల్లోగా కోర్టుకెళ్లి ఆ తీర్పు కొట్టేయమని అడగొచ్చు. సరిగ్గా అదే రాసి ఉన్న పేజీ ఆమె చేతిలో పెట్టాను. ఉచితంగా లాయరును ఎక్కడ ఇస్తారో కూడా అందులో ఉంది.

"అన్నీ ఇందులో ఉన్నాయమ్మా," అన్నాను.

ఆమె కాగితాన్ని కళ్లకద్దుకుంది. నేను పొంగిపోయాను. చదవడం వచ్చా అని అడగాలని తోచనే లేదు.

నెలన్నర తర్వాత మళ్లీ వచ్చింది. నేనిచ్చిన పేజీ ప్లాస్టిక్ కవర్లో ఉంది, అంచు కూడా నలగలేదు.

"మొన్న కోర్టు అమీను వచ్చిండు మేడమ్, సామాను బయటేస్తనన్నడు. నువ్విచ్చిన కాయితం చూపెట్టిన. నవ్విండు. శుక్రారం దాకా ఆగుతనన్నడు."

ఆ పేజీని కోర్టు ఉత్తర్వు అనుకుని ఇన్నాళ్లూ దాచుకుందామె.

"ఎవరితోనైనా చదివించుకోవాలి కదా!" అని కసిరాను. కోపం నిజానికి నామీదే.

"ఎవలున్నరు మేడమ్ నాకు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర పేజీ లేదు. నాకూ అదే ప్రశ్న ఉంది.

ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు, దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఇప్పుడే ఇద్దరం కోర్టుకు పోదామని తాళంచెవులు తీసుకుని లేచాను. ఆమె కదల్లేదు. కవర్లోంచి కాగితం తీసి నా ముందు పరిచి, అడుగున ఖాళీ జాగా మీద వేలు పెట్టింది.

"దీని మీద సంతకం లేదన్నడు, గందుకే చెల్లలే. జర ఒక్క సంతకం పెట్టియ్యి మేడమ్, శుక్రారం ఆయనకు చూపెడ్త."