అయిదో అరవ పాట

ఆ కాలంలో అరవ పాట పాడటానికి అరవం రానక్కరలేదు. గాయకుడు ఒక్కో మాటనూ కడిగి ఆరబెట్టినట్టు పలికేవాడు. వాద్యాలు కూడా మర్యాద తెలిసిన పెద్దమనుషుల్లా ఆ మాట పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే నోరు విప్పేవి. టేప్‌రికార్డర్ ముందు కూర్చుని, ఒక ముక్క విని, ఆపి, తెలుగక్షరాల్లో రాసుకుంటే చాలు, బద్వేలు కుర్రవాడు కూడా మద్రాసువాడిలా పాడొచ్చు. పాటన్నాక మాటలో సరుకుండాలి, ఆ మాట వినపడాలి అని ఈనాటి పాటలు విన్నప్పుడల్లా పిల్లలకు ఉపన్యాసం ఇస్తుంటాను. ఆ రెండు గుణాలూ ఒకే పాటలో ఉంటే కొంపలు మునుగుతాయన్నది మాత్రం చెప్పను. ఇరవై రెండేళ్ల వయసులో నా కొంప అలాగే మునగబోయింది, ఇంకొకరి పెళ్లితో సహా.

అప్పట్లో నేను బద్వేలులో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కొత్త గాయకుణ్ణి. చేరేటప్పుడు మా మాస్టరుతో, "మద్రాసులో రెండేండ్లు ఉండి వచ్చినా సార్, అరవం నాకు మంచినీళ్లప్రాయం" అన్నాను. (తాత కంటి ఆపరేషనుకు తోడు వెళ్లి మూడు రోజులు ఆసుపత్రి వరండాలో పడుకున్నాను. ఆ దోమలకు అవి రెండేళ్లతో సమానం.) ఇంతలో మైదుకూరులో మగ్గం నేసేవాళ్ల ఇంట పెళ్లి కుదిరింది. మగపెళ్లివాళ్లు కంచి వైపు నుంచి వస్తారు కాబట్టి అయిదు అరవ పాటలు కావాలన్నారు. మాస్టరు నా భుజం తట్టి, "ఏమప్పా, మన పరువు నీ నోట్లో ఉండాది" అన్నాడు. క్యాసెట్ల అంగట్లో నాలుగు ప్రేమ పాటలు దొరికాయి. అయిదోదాన్ని దాని దరువు చూసి ఎంచుకున్నాను. ఆ డప్పు వింటే శవం కూడా లేచి ఆడుతుందనిపించింది. (ఎంత దగ్గరగా ఊహించానో అప్పుడు తెలియదు.) మూడు రోజులు కూర్చుని అక్షరం అక్షరం రాసుకున్నాను. అర్థం తెలియనివాడికి అక్షరమంటే మహా భయం. ఒక్కటి జారినా దొరికిపోతాడు. అందుకే ఆ పాటను నా అంత శుద్ధంగా అరవవాళ్లు కూడా పలికి ఉండరు.

తెల్లవారుజామున ముహూర్తం. ముందురోజు మధ్యాహ్నం మగపెళ్లివాళ్లు దిగారు. పందిట్లో విస్తళ్లు పడ్డాయి, మేమూ మొదలుపెట్టాం. నాలుగు పాటలకు తలలూపుతూ తిన్నారు. అయిదోదానికి డప్పు పడగానే పెళ్లికూతురి మేనమామలు తువ్వాళ్లు గాల్లో తిప్పుతూ చిందులకు దిగారు. నేను రెండు చరణాలు దంచేశాను. అప్పుడు చూశాను, మగపెళ్లివాళ్ల వరుసలో ఒక్క చెయ్యీ కదలడం లేదు. కలిపిన ముద్దలు కలిపినట్టే ఉన్నాయి. పెళ్లికొడుకు చిన్నాయన విస్తరి ముందునుంచి సగం తిండిలో లేచి, "ఆపండప్పా! పెండ్లి పందిట్లో పాడె పాటా?" అని అరిచాడు. అరిచింది తెలుగులోనే. (కంచి మగ్గాలవాళ్లలో శానామంది ఇండ్లలో తెలుగే మాట్లాడతారని మాకు ఎవరూ చెప్పలేదు.)

ఆ పాటలో చనిపోయిన కొడుకుని తల్లి సాగనంపుతుందట. పాడె లేచింది, వెనక్కి చూడకుండా గడప దాటు నాయనా అంటుందట. ఇక్కడేమో పెళ్లికొడుకు అన్న ఎనిమిది నెలల కిందట లారీ కింద పడి పోయాడు. పెళ్లి అయ్యేదాకా అతని పేరెత్తకూడదని రెండిళ్లవాళ్లూ అనుకున్నారు. "ఇంతకంటే అపశకునం ఏముండాది? బండి తియ్యండి, పోదాం!" అంటున్నాడు చిన్నాయన. పసుపు చేతులతో వాకిలి పట్టుకుని నిలబడిపోయింది పెళ్లికూతురు.

ఆమె నాయన నా గల్లా పట్టుకుని ఈడ్చుకుపోయాడు. "నా బిడ్డ పెండ్లి చెడిపోతాంది కదరా సచ్చినోడా! అరవం వచ్చునంటివే, పోయి అరవంలో కాళ్లు పట్టుకో పో!" పెళ్లికొడుకు తల్లి పందిరి గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్ల మీద పడ్డాను. చిన్నాయన ఇప్పుడే తెలుగులో తిట్టాడన్న స్పృహ నాకూ లేదు, నన్ను తోసినవాడికీ లేదు. నాకు వచ్చిన అరవమంతా ఆ అయిదు పాటలే. వాటిలో కాస్త మెత్తగా వినపడే రెండో పాట మొదటి చరణం గడగడా అప్పజెప్పాను. నీ నడుము చూసి పూలతీగ సిగ్గుపడుతోంది అని దాని భావమట.

ఆమె నా గడ్డం పట్టి మొహం పైకెత్తింది. "తెలుగులో ఏడువు నాయనా, మాకూ అదే వస్తాది" అంది. అప్పుడు నిజం చెప్పేశాను. అరవం ముక్క రాదని, ఏం పాడానో నాకే తెలియదని. (నా జీవితంలో కల్తీ లేని నిజం అదొక్కటే.)

"ఇంకొక చరణం ఉండాది కదా?" అంది.

"ఉంది తల్లీ."

"పాడు."

"వదినా, వద్దు" అన్నాడు చిన్నాయన.

"వాణ్ణి ఆస్పత్రి నుంచి మూటగట్టి తెస్తిరి. మొగం సూపీలేదు, ఏడ్వనీలేదు, బిరీన కానియ్యమంటిరి. నా బిడ్డను నేను సాగనంపిందేది? ఈ పిల్లోడు రెండు చరణాలు పాడి వాణ్ణి గడపదాకా తెచ్చినాడు. ఇప్పుడు నిలిపేసి లేచిపోతే వాడు యాడికి పోవల్ల? ఈడనే నిలబడిపోతాడు. పెద్దోణ్ణి దాటించినాకనే చిన్నోడు తాళి కట్టేది."

మేనమామలు తువ్వాళ్లు భుజాన వేసుకుని తలలు దించుకున్నారు. నేను కాగితం విప్పాను. డప్పు లేదు. నేను ఒక్కో పాదం పాడితే ఆమె దాని అర్థం తెలుగులో చెబుతూ పోయింది, నాకు కాదు, ఎదురుగా ఎవరో ఉన్నట్టు. అర్థం తెలిసేకొద్దీ నా నోట్లో అక్షరాలు ముద్దకట్టాయి. మూడు రోజులు అద్దంలా తుడిచిపెట్టుకున్న మాటలు ఒక్కటీ సరిగ్గా పలకలేదు. ఆఖరి పాదం దగ్గర కాగితం మడిచేశాను. అది ఆమే పాడింది. శ్రుతి లేదు, తాళం లేదు, కానీ ప్రతి మాటా వంటల దగ్గర నిలబడినవాళ్లకు కూడా వినపడింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "విస్తళ్లు మార్చి మళ్లా వడ్డించండి, పిల్లలు ఆకలిగా ఉండారు" అంది.

తెల్లవారి తాళి పడింది. అక్షింతలు వేసి వచ్చిన నన్ను మాస్టరు బద్వేలు బస్సెక్కించాడు, మళ్లీ పిలవలేదు.

తర్వాత్తర్వాత అరవం నిజంగానే నేర్చుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు. ఇప్పుడు పెళ్లిళ్లలో ఎవరైనా మైకు చేతికిస్తే ఒక పాదం దాటదు. అర్థం తెలిసినవాడు పాడటం కష్టమని మా ఆవిడకు గొప్పగా చెబుతుంటాను. "పోనీలే, జనం బతికిపోయినారు" అంటుంది. నేనూ నవ్వేస్తాను. ఏమీ తెలియకుండానే, ఛాతీ విరుచుకుని, పందిరి అదిరేలా పాడిన ఆ బడుద్ధాయి మీద మాత్రం నాకు ఇప్పటికీ కొంచెం అసూయ.