నిద్రపోతున్నారంటే నమ్మని మా పెద్దమ్మ

పోయిన వారం పొద్దున్నే గద్వాల నుంచి మా పెద్దమ్మ కొడుకు, అన్న ఫోన్ చేశాడు. "అమ్మ లేస్తలేదే" అన్నాడు. నేను ఏదో అడిగేలోపే పెట్టేశాడు. కాసేపటికి మళ్ళీ చేసి, "నిద్రలనే పోయిందంట. డాక్టర్ వచ్చి చూసిండు. నువ్వు బయలెల్లు" అన్నాడు. బస్సులో పక్కన కూర్చున్నామె సంగతి తెలుసుకొని, నిద్రలో పోవడం పుణ్యాత్ములకే దొరుకుతుందని నన్ను ఓదార్చింది. మా పెద్దమ్మ ఆ మాట వింటే ఊరుకునేది కాదు. నిద్ర మీద ఆమెకు ఏనాడూ నమ్మకం లేదు.

ఆమె మా అమ్మకు అక్క. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఇంటర్ చదువుకోవడానికి వనపర్తి పక్క ఊరి నుంచి వచ్చి వాళ్ళింట్లోనే ఉన్నాను. పెద్దనాన్న మగ్గం మీద చీరలు నేసేవాడు. పెద్దమ్మ పక్కన రాట్నం పెట్టుకొని కండెలకు నూలు చుట్టేది. కంప్యూటర్‌లో చీరల బుటాలు గీయడం నేర్చుకుంటానని అన్న ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చి మగ్గం పక్కనే పెట్టాడు. అంతకుముందు వాడినవాళ్ళు ఎక్కించి తీసెయ్యడం మరిచిన ఆట ఒకటి అందులో ఉండేది.

ఆటలో ఒక చిన్న ఊరు. ఊళ్ళో మనకో ఇల్లు, చేను, రెండావులు, కొన్ని కోళ్ళు. గెలవడం, ఓడడం లేవు. విత్తనం వేసుకోవాలి, పంట కోసుకోవాలి, ఇరుగుపొరుగును పలకరించాలి. ఎండాకాలం, వానాకాలం ఉన్నన్నాళ్ళు పెద్దమ్మ దాన్ని పట్టించుకోలేదు. ఆటలోకి చలికాలం వచ్చి, తెర మీద మంచు పడ్డం మొదలైన రోజు మాత్రం రాట్నం ఆపి చూసింది.

"ఏందది, దూది రాలుతున్నట్టు?"

"మంచు, పెద్దమ్మ. ఇగ పంటలు ఉండవు."

"మరి పశువులకేం ఏస్తరు?"

ముందే ఎండుగడ్డి దాచుకోవాలని చెప్పాను. దాచినవా అంది. కొంచెమే దాచాను. "గట్లెట్ల జేస్తవ్ బిడ్డా. చలికాలం చెప్పి వస్తది. ఇనాల్సింది మనం" అంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కరెంటు ఉన్నప్పుడల్లా నేను ఆడడం, ఆమె నూలు చుట్టుకుంటూ ఏంచేయాలో చెప్పడం అలవాటైంది. ముందు ఆవులకు గడ్డి. తర్వాత కోళ్ళకు నీళ్ళు. అడివిలోకి పోయి కట్టెలు ఏరుకురావడం. సూపు కాచి పక్కింటివాళ్ళకు ఇచ్చిరావడం. ఆటలో ఈ పనులకు తొందరేమీ ఉండదు. పెద్దమ్మకు మాత్రం తొందరే. ఎండాకాలంలో ఆటలో మోగిన పాట చలికాలంలో ఆగిపోయి, నడిస్తే మంచులో కాళ్ళ చప్పుడు ఒక్కటే వినిపించేది. "ఊరంత ఎటు పోయింది? ఒక్క మనిషి బయటికి రాడేంది?" అనేది. చలికి లోపలే ఉంటారని నేను చెప్తే తలూపేది గానీ ఆమె కళ్ళు తెర మీది తలుపుల మీదే తిరిగేవి.

ఆ ఊరి చివర, ఏటి పక్కన, చేపలు పట్టే ముసలాయన ఇల్లు ఉండేది. చలికాలం మొదలైనప్పటి నుంచి దాని తలుపు మూసే ఉంది. తలుపు మీద నొక్కితే, ఆయన నిద్రపోతున్నాడని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చేది. చదివి చెప్పాను.

"పొద్దెక్కినంక గూడ నిద్రేంది? మల్ల కొట్టు."

మళ్ళీ నొక్కాను. అదే ముక్క.

"ఆట అంతే పెద్దమ్మ. ఎండలు వచ్చిందాంక లేవడు."

"నువ్వైతే కొట్టు."

రోజూ ఆవులకు గడ్డి వేశాక నన్ను ఆ తలుపు దగ్గరికి పంపేది. రోజూ అదే జవాబు. పెద్దనాన్న మగ్గంలోంచి నవ్వేవాడు. "బొమ్మకు గూడ పానం ఉంటదా" అనేవాడు. ఆమె నవ్వేది కాదు. "నిద్రవోతుండని ఎవరన్న చెప్తే నాకు నమ్మబుద్ది గాదు. పండుకున్నోడు చెప్పాలె, నేను నిద్రవోతున్న అని" అనేది.

ఆ ఏడు గద్వాలలోనూ చలి గట్టిగానే పెట్టింది. కృష్ణా నది దిక్కు నుంచి పొద్దున్నే తెల్లటి పొగమంచు వచ్చి వాడంతా కమ్ముకునేది. మా ఎదురింట్లో ఒక అవ్వ, కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆమె కూతురు ఉండేవాళ్ళు. అల్లుడు పుణెలో కూలి పనికి పోయాడు. పాప పుట్టి నెల కూడా కాలేదు. ఒకటే గది, పైన రేకులు. బాలింతకు గాలి తగలకూడదని అవ్వ లోపల కుంపటి పెట్టి, కిటికీకి గోనెసంచులు కుక్కింది. రేకుల కింది సందుల్లో కూడా పాతగుడ్డలు దూర్చింది. పెద్దమ్మ చూసి, "పొగ పోనీకి జర సందు ఉంచు" అని చెప్పింది. ఉంచుతాలే అంది అవ్వ.

ఒక పొద్దున వాడ నల్లాలో నీళ్ళు వచ్చాయి. అందరూ బిందెలు పెట్టారు. ఎదురింటివాళ్ళ బిందె రాలేదు. పెద్దమ్మ తన బిందె నిండుతుంటే వదిలేసి ఆ తలుపు దగ్గర నిలబడింది. పిలిచింది. లోపలి నుంచి ఎవరూ పలకలేదు. నల్లా దగ్గరున్న ఒకామె, "బాలింత, పాపం పండుకున్నట్టుంది. లేపకు అక్కా" అంది. ఇంకొకామె కూడా అదే అంది.

పెద్దమ్మ చెవి తలుపుకు ఆనించింది.

"పసిగుడ్డు ఆకలికి ఏడ్వాలె గద" అంది. గొంతు పెద్దది చేయలేదు. అయినా నల్లా దగ్గరున్నవాళ్ళంతా తలుపు దగ్గరికి వచ్చారు. నీళ్ళు బిందె మీది నుంచి పొర్లి పోతుంటే ఎవరూ పట్టించుకోలేదు.

పెద్దనాన్న గడ్డపార తెచ్చి గడియ ఊడగొట్టాడు. లోపలి నుంచి వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. అంత చలిలో ఆ వెచ్చదనం నాకు ఇప్పటికీ భయమే. గది నడుమ కుంపటి, బూడిద కింద ఇంకా ఎర్రగా ఉన్న బొగ్గులు. పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని లోపలికి పోయి ముందు పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. తర్వాత తల్లిని కాళ్ళు పట్టి బయటికి ఈడ్చారు. పాప నా చేతుల్లో బట్టమూటలా వాలిపోయి ఉంది. వీధి అరుగు మీద చల్లగాలికి కాసేపు ఉన్నాక సన్నగా మూలిగింది. ఆటోలో ఇద్దరినీ దవాఖానకు తీసుకుపోయారు. సాయంత్రానికి తల్లి కళ్ళు తెరిచింది.

అవ్వ మాత్రం కుంపటి పక్కనే పండుకొని ఉంది. ఆమెను లేపలేకపోయారు.

పెద్దమ్మ ఏడవలేదు. అన్నం తినలేదు. "జర ముందుగాల కొట్టి ఉంటే" అని ఒక్కసారి అంది, మళ్ళీ అనలేదు. దవాఖాన నుంచి తల్లీబిడ్డలను తీసుకొచ్చి, అల్లుడు పుణె నుంచి వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంచుకుంది. పాప నిద్రపోతుంటే పక్కన కూర్చొని దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

చాలా రోజులు కంప్యూటర్ వైపు చూడలేదు. నేను కాలేజీ నుంచి వచ్చాక ఒక్కదాన్నే కూర్చొని ఆటలో ఆ చలికాలాన్ని దాటించాను. ఒక మధ్యాహ్నం ఆమె నూలు చుట్టుకుంటూ తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ ముసలాయన లేసిండా?"

"లేసిండు పెద్దమ్మ. ఏటి కాడ చేపలు పడ్తుండు."

ఆమె వచ్చి చూడలేదు. సరే అన్నట్టు తలూపి, తెగిన పోగు ముడి వేసుకుంది.

ఆ ఏడు చలి పోయేదాకా మా వాడలో ఎవరూ తలుపు పూర్తిగా వేయలేదు. వేయమని గానీ వద్దని గానీ ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తెల్లారి పెద్దమ్మతో నల్లా దగ్గరికి పోతుంటే పొగమంచులో వాడ పొడుగునా ప్రతి తలుపూ జానెడు తెరిచి ఉండేది. కొన్నింటికి ఇటుక అడ్డం, కొన్నింటికి రోకలి. ఆ సందుల్లో చీకటి, ఆ చీకట్లోకి పోతున్న చలిగాలి. పెద్దమ్మ ఒక్కో తలుపు దగ్గర ఆగేది. లోపల ఎవరో దగ్గేవాళ్ళు, లేదంటే పక్క మీద మెదిలేవాళ్ళు. అది విన్నాకే ఆమె ఖాళీ బిందె చంకలో సర్దుకొని, పక్క ఇంటి తలుపు దగ్గరికి నడిచేది.